నేటాల్ తెలుగు సంఘాలు – జాన్ రంగయ్య సేవ: మిషనరీ కథన సంప్రదాయంపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు జాన్ రంగయ్యను తమ సొంత మిషనరీగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపాయి. కూలి ఒప్పందంపై వెళ్ళిన తెలుగువారి మధ్య ఆయన చిన్నచిన్న సంఘాలను కట్టి, వాటిని పోషించాడు. ఈ చరిత్ర మిషన్ గ్రంథాల్లో అనుబంధంగానూ, తెలుగు సాహిత్యచరిత్రలో దాదాపు మౌనంగానూ మిగిలింది. ఓడల జాబితా, మిషన్ చరిత్ర, నవల అనే మూడు రచనారూపాలు ఈ వలసను, ఈ సేవను ఎట్లా చూపాయో, ఎక్కడ చూపలేకపోయాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేటి అనకాపల్లి జిల్లా ప్రాంతాన్ని ఆధారస్థలంగా తీసుకొని ఈ పరిశీలన సాగుతుంది.

కీలకపదాలు: జాన్ రంగయ్య, నేటాల్, తెలుగు బాప్టిస్టు సంఘాలు, ఒప్పంద కూలీలు, మిషనరీ సాహిత్యం, అంటరాని వసంతం, ఉత్తరాంధ్ర వలస.

1. ఉపోద్ఘాతం:

మిషనరీ అనగానే తెలుగు పాఠకుని మనసులో ఒక రూపం సిద్ధంగా ఉంటుంది. అతడు సముద్రం దాటి మన దగ్గరకు వచ్చినవాడు. బడి పెట్టినవాడు, ఆస్పత్రి కట్టినవాడు, నిఘంటువు కూర్చినవాడు. ఆయనను మెచ్చుకున్నా, శంకించినా, ప్రయాణదిశ మాత్రం మారదు. పడమటి నుంచి తూర్పుకు, ఉన్నవారి నుంచి లేనివారికి అనే ఆ దిశను మన సాహిత్యచరిత్రలు ప్రశ్నించకుండానే అంగీకరించాయి. ఈ అంగీకారానికి విరుద్ధమైన ఉదాహరణ ఒకటి మన చరిత్రలోనే ఉంది. పేద తెలుగు సంఘాలు తామే ఒక మిషనరీని ఎన్నుకొని, తమ కానుకలతో ఆఫ్రికా ఖండానికి పంపిన ఉదంతం అది.

ఆ మిషనరీ జాన్ రంగయ్య. పంపిన సంస్థ తెలుగు బాప్టిస్ట్ హోమ్ మిషనరీ సొసైటీ. సంస్థ పేరులోనే ‘హోమ్’ అన్న మాట ఉంది. స్వదేశ సేవకు ఏర్పడిన సంస్థ మొదటిసారి సముద్రం అవతలకు చేయి చాచడానికి కారణం అక్కడ కూడా తనవారే ఉండడం. అంటే ఈ మిషన్‌కు ‘విదేశం’ అన్న మాట పూర్తిగా అతకదు. ఊరు వదిలిన మనుషుల వెంట ఊరి సంఘం నడిచివెళ్ళిన వైనం ఇది. ఈ భేదాన్ని గుర్తించని చరిత్రరచన రంగయ్యను పాశ్చాత్య మిషనరీకి నీడగా చూపే ప్రమాదం ఉంది.

2. ఓడల జాబితా – మొదటి పాఠం:

కూలి ఒప్పందంపై భారతీయులతో మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఈ పద్ధతి ఆగిపోయేనాటికి నేటాల్ చేరినవారి సంఖ్య 1,52,184. వీరిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారే. వారిలో తమిళులతోపాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు ప్రాంతాల తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో అనకాపల్లి, చోడవరం, యలమంచిలి, నర్సీపట్నం ప్రాంతాలన్నీ భాగాలే. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లా పరిధిలోకి ఈ ప్రాంతాలు వస్తాయి.

ఈ నేలకూ నేటాల్‌కూ ఒక పోలిక ఉంది. అనకాపల్లి చెరకు సీమ, బెల్లం బజారు. నేటాల్ తీరంలో భారతీయ కూలీలకు ప్రధానంగా దొరికిన పని కూడా చెరకు తోటల్లోనే. ఇక్కడ చెరకు రైతు ఇంటి పంట. అక్కడ అది దొర తోట. ఇక్కడ గానుగ ఆడే రోజుల్లో కూలికి బెల్లం ముక్కైనా చేతికి వస్తుంది. అక్కడ మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం, ఏటా ఒక్కొక్క షిల్లింగు పెంపు, అయిదేళ్ళ ఒప్పందం, అనుమతి చీటీ లేకుండా తోట గేటు దాటరాదన్న చట్టం. పంట ఒకటే అయినా మనిషికీ పంటకూ మధ్య సంబంధం పూర్తిగా మారిపోయింది.

వెళ్ళిన ప్రతి మనిషి గురించీ ఓడల జాబితాలో ఒక వరుస ఉంటుంది. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు అందులో నమోదయ్యాయి. చరిత్రకారులు ఈ జాబితాలను వలస గణాంకాలకు ఆధారంగా వాడుకున్నారు. సురేంద్ర భానా పరిశోధన ఈ మార్గంలో ముఖ్యమైనది. సాహిత్యవిమర్శకు ఇవి మరోవిధంగా ఉపయోగపడతాయి. మనిషి తన గురించి తాను చెప్పుకోవడానికి వీలులేని జీవితచరిత్రలుగా వీటిని చదవవచ్చు. చెప్పినవాడు ఒకడు, రాసుకున్నవాడు మరొకడు. మచ్చ ఎక్కడుందో ఆ వరుస చెబుతుంది. ఎందుకు ఊరు వదిలాడో చెప్పదు.

ఈ జాబితాల్లో ఒక విశేషం ప్రత్యేకంగా గమనించదగినది. క్రైస్తవుల విషయంలో కులం గడిలోనే ‘క్రిస్టియన్’ అన్న మాట కనిపిస్తుంది. నేటాల్ భారతీయ క్రైస్తవుల గురించి పరిశోధించిన జె.బి. బ్రెయిన్‌కు ఈ గడి విలువైన ఆధారం. అయితే గుమాస్తా వేసిన ఈ ఒక్క మాట రెండు అర్థాలకు తావిస్తుంది. కులాన్ని విడిచినవాడని ఒక అర్థం. మతం కూడా మరొక కులంగానే లెక్కకు వచ్చిందని రెండవ అర్థం. మతం మారితే కులం పోతుందా అని నూరేళ్ళుగా తెలుగు సాహిత్యం అడుగుతున్న ప్రశ్న ఆ గడిలో ఇమిడి ఉంది.

ఉత్తరాంధ్ర వలస అనగానే మనకు స్ఫురించేది ‘రంగం’. రంగూన్‌ను రంగంగా మార్చుకున్న నుడికారం ఇప్పటికీ పెద్దల మాటల్లో వినిపిస్తుంది. ‘రంగూన్ రౌడీ’ వంటి నాటకం ద్వారా ఆ నగరం తెలుగు రంగస్థలానికీ ఎక్కింది. రంగం వెళ్ళినవాడు తిరిగి వచ్చేవాడు, కథలు తెచ్చేవాడు. నేటాల్ వెళ్ళినవారిలో చాలామంది తిరిగి రాలేదు. తిరిగి వచ్చే దారి ఉన్న వలస సాహిత్యమవుతుంది, లేని వలస దస్తావేజుగా మిగులుతుంది. నేటాల్ తెలుగువారి పట్ల మన సాహిత్యం చూపిన మౌనానికి ఇది ఒక కారణంగా భావించవచ్చు.

3. మిషన్ చరిత్ర – కథనపద్ధతి:

తెలుగు బాప్టిస్టు మిషన్‌కు రెండు ప్రధాన శాఖలున్నాయి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టులు, 1874లో కాకినాడ కేంద్రంగా ప్రారంభించి ఉత్తరతీరం వెంబడి విస్తరించిన కెనడియన్ బాప్టిస్టులు. తుని, యలమంచిలి, నర్సీపట్నం రెండవ శాఖకు చెందిన కేంద్రాలు. అంతకుముందే 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషన్ వారు విశాఖపట్నంలో పని మొదలుపెట్టారు. బైబిలు అనువాద చరిత్రలోనూ, తెలుగు వచన చరిత్రలోనూ వారికి స్థానం ఉంది. రంగయ్య మొదటి శాఖకు, నెల్లూరు సంప్రదాయానికి చెందినవాడు.

ఆ మొదటి శాఖ చరిత్రను చెప్పిన రెండు గ్రంథాలు ప్రసిద్ధమైనవి. డేవిడ్ డౌనీ రచించిన ‘ది లోన్ స్టార్’ 1893లో వెలువడింది. జాన్ క్లౌ చెప్పగా ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పూర్తిచేసిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ 1914లో వచ్చింది. మొదటి దాని కథాసూత్రం ఓర్పు. ఏళ్ళ తరబడి ఫలితం లేని ఒంటరి కేంద్రం చివరకు ఫలించడం. రెండవ దాని ఉపశీర్షిక ఒక మనిషి, ఒక మిషన్, ఒక ఉద్యమం అన్న వరుసలో సాగుతుంది. ఆ వరుసే ఆ గ్రంథ దృష్టిని సూచిస్తుంది. మనిషి ముందు, ఉద్యమం చివర.

ఈ గ్రంథాలను కేవలం ప్రచారసాహిత్యమని తోసివేయడం న్యాయం కాదు. మాదిగ సమాజంలో ముందే గురువుగా గౌరవం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య లేకపోతే ఒంగోలు ఉద్యమమే లేదని క్లౌ గ్రంథం దాచకుండా చూపుతుంది. 1876–78 కరవులో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ పనిని క్లౌ ఒప్పందానికి తీసుకొని వేలమందికి కూలి చూపించడం, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం ఆ గ్రంథాల వల్లనే లోకానికి తెలిశాయి. అయినా కథలో చర్య జరిపేవాడు మిషనరీ. తెలుగువాడు చర్యను స్వీకరించేవాడు, లేదా అందులో సహాయకుడు. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే కర్తృస్థానం దొరకే సొంతం.

రంగయ్య ఉదంతం ఈ వాక్యనిర్మాణాన్నే తారుమారు చేస్తుంది. ఇక్కడ పంపినవాడు తెలుగువాడు, వెళ్ళినవాడు తెలుగువాడు, అక్కడ ఎదురుచూసినవాడూ తెలుగువాడే. అందుకే పాత కథనపద్ధతిలో దీనికి సరైన చోటు దొరకలేదు. మిషన్ విజయానికి ఫలంగా దీనిని చూపడం సులభం. ‘మనం నాటిన చెట్టు కాయ కాసింది’ అన్న ధోరణి అది. అలా చూపినప్పుడు కూడా కర్తృత్వం మళ్ళీ చెట్టు నాటినవానికే చేరుతుంది. కానుక ఇచ్చిన పల్లెకు చేరదు.

4. రంగయ్య – ఎవరి దూత?

నేటాల్ వెళ్ళిన తెలుగువారిలో క్రైస్తవులు కొద్దిమంది. బోధకుడు లేని ఆ కొద్దిమంది స్వదేశంలోని సంఘాలకు కబురు పంపారు. ఆ పిలుపుకు జవాబుగా రంగయ్య 1903లో నేటాల్ చేరాడు. అదే ఏడాది డిసెంబరులో కియర్స్‌నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. కియర్స్‌నీ ఒక తేయాకు తోట. యజమాని సర్ జేమ్స్ లీజ్ హ్యూలెట్, స్వయంగా మెథడిస్టు. అక్కడి నుంచి రంగయ్య పని తీరప్రాంతంలోని ఇతర తోటలకు, కూలీల నివాసాలకు విస్తరించింది. 1915లో ఆయన నేటాల్‌లోనే మరణించాడు.

ఈ పన్నెండేళ్ళ సేవను అర్థం చేసుకోవడానికి తోట అన్న స్థలాన్ని ముందు అర్థం చేసుకోవాలి. ఆంధ్రదేశంలోని పల్లె సంఘం వాడలో పుట్టింది. వాడ వెలిగా ఉన్నా, అది వారి స్థలం. నేటాల్‌లో సంఘం కూడిన భూమి యజమానిది, కూడే సమయం యజమాని విడిచిన సమయం. విశ్వాసి అయిదేళ్ళు ఒకచోట ఉండి, ఒప్పందం తీరగానే మరోచోటికి పోవచ్చు. పైగా 1895 చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన తరువాత మళ్ళీ ఒప్పందంలో చేరకుండా, స్వదేశానికి తిరిగి వెళ్ళకుండా ఉండిపోయినవారు ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. మూడు పౌన్లంటే 60 షిల్లింగులు, అనగా మొదటి ఏడాది కూలి లెక్కన ఆరు నెలల జీతం. 1913 సమ్మె తరువాత 1914లోగాని ఆ పన్ను రద్దు కాలేదు. ఇటువంటి పరిస్థితిలో సంఘం అంటే గోడలు కాదు, చెదిరిపోయే మనుషులను తిరిగి తిరిగి ఒకచోట చేర్చే శ్రమ.

ఈ శ్రమకు ఆధారం స్వదేశం నుంచి వచ్చిన సహాయం. ఇక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. సహాయం ఇచ్చే చేయి పేదదైనంత మాత్రాన అధికార సంబంధం ఉండదా? పంపినవారు దూరాన ఉండి లెక్క అడుగుతారు. అందుకున్నవారు దగ్గర ఉండి తమ మాట వినమంటారు. మధ్యలో ఉన్న బోధకుడు ఇద్దరికీ జవాబుదారి. పాశ్చాత్య మిషన్, తెలుగు సంఘాల మధ్య ఉన్న ముడి ఇదే. తెలుగు సంఘం తానే పంపేదైనప్పుడు అది కొత్త రూపంలో మళ్ళీ పడింది.

1914 నాటికి నేటాల్ సంఘాల్లో చీలిక వచ్చింది. నేటాల్ ఇండియన్ బాప్టిస్ట్ అసోసియేషన్ చరిత్ర ఆ ఏటి నుంచే మొదలవుతుంది. భక్తచరిత్ర ధోరణిలో రాసేవారికి ఇటువంటి సంఘటన ఇబ్బందికరం. వీరుని జీవితం చివరి అధ్యాయంలో కలహం ఉండకూడదు కనుక దానిని ఒక వాక్యంలో దాటవేస్తారు, లేదా మానవ బలహీనతగా సర్దిచెబుతారు. విమర్శ దృష్టిలో చీలిక ఒక సాక్ష్యం. పదేళ్ళ క్రితం బోధకుని కోసం ఎదురుచూసిన కూలీలు, తమ సంఘం ఎవరి మాటపై నడవాలన్న విషయంలో వాదించగల స్థితికి వచ్చారనడానికి అది నిదర్శనం. కేవలం అందుకునే సమాజంలో చీలిక రాదు, ఎడబాటు మాత్రమే వస్తుంది. సొంతమనుకున్న దానికోసమే మనుషులు పోట్లాడతారు.

అదే 1903లో మరొక సంఘటన జరిగింది. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. వారు ఎన్నుకొన్న క్షేత్రం తెలుగునేల, దోర్నకల్ ప్రాంతం. ఆ సొసైటీ స్థాపకులలో ముఖ్యుడైన వి.ఎస్. అజరయ్య 1910 ఎడిన్‌బరో మహాసభలో విదేశీ మిషనరీలకూ స్వదేశీ సేవకులకూ మధ్య సమానమైన స్నేహం కొరవడిందని నిర్భయంగా ప్రకటించి, 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యాడు. ఒకే ఏడాది తమిళులు తెలుగువారి దగ్గరకు రావడం, తెలుగువారు ఆఫ్రికా వెళ్ళడం యాదృచ్ఛికం అనుకున్నా, రెండింటి వెనుక ఉన్న ఆకాంక్ష ఒకటే. సహాయం పొందేవారిగా మాత్రమే గుర్తింపు పొందడానికి ఇష్టపడని తరం అది. అజరయ్య ప్రసంగం గ్రంథస్థమై చరిత్రకెక్కింది. ఇంగ్లీషు లోకం వినే వేదిక దొరకని రంగయ్య స్వరం అంతగా వినిపించలేదు.

5. అంటరాని వసంతం – కాలువ దాకా వచ్చిన కథ:

ఈ చరిత్రకు అతి దగ్గరగా వచ్చిన తెలుగు నవల జి. కళ్యాణరావు రచించిన ‘అంటరాని వసంతం’ (2000). రూతు జ్ఞాపకాలుగా సాగే ఈ నవలలో కరవుకు తాళలేక శివయ్య, శశిరేఖ ఎన్నెలదిన్ని విడిచి కాలువ పనికి వెళతారు. అక్కడ కూడా అంటరానితనం అడ్డుపడుతుంది. పలుగూ పారా పట్టే హక్కు కూడా కులాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఆ దశలో మార్టిన్ అనే క్రైస్తవ బోధకుడు వారికి ఆశ్రయమిస్తాడు. అతడు దొర కాదు, వారివంటి వాడే. మిషన్ గ్రంథాల్లో సహాయకుడిగా మిగిలిన స్థానిక బోధకుని కథామధ్యంలో నిలపడం ఈ నవల సాధించిన ముఖ్యమైన విజయం.

క్లౌ గ్రంథంలోని కాలువనూ, కళ్యాణరావు నవలలోని కాలువనూ పక్కపక్కన పెట్టి చూస్తే భేదం స్పష్టమవుతుంది. మొదటి దానిలో కాలువ దయకు గుర్తు, కరవులో అన్నం పెట్టిన పని. రెండవదానిలో అది నిరాకరణకు గుర్తు, అన్నం దగ్గర కూడా గీసిన గీత. రెండూ నిజాలే. మిషన్ గ్రంథం పని ఇచ్చినవాని వైపు నుంచి చూసింది. నవల పని అడిగినవాని వైపు నుంచి చూసింది. చరిత్ర వాడిన సామగ్రినే నవల కూడా వాడి, కర్తృస్థానాన్ని వాడకు బదిలీ చేసింది.

అయితే ఈ నవల భూగోళం కాలువ దగ్గర, ఆ చుట్టుపక్కల ఆగిపోతుంది. కరవుకాలంలో శివయ్యవంటి వారికి మరొక దారి కూడా తెరచి ఉండేది. అది మద్రాసు డిపో, అక్కడి నుంచి ఓడ. ఇది నవలలో లోపమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఊరిని, భూమిని, పోరాటాన్ని కేంద్రంగా చేసుకున్న నవలకు ఆ పరిధి సహజం. కాని విమర్శకులు ఆ పరిధినే దళిత క్రైస్తవ అనుభవానికి మొత్తం పరిధిగా భావించడం సరికాదు. రూతు గుర్తుచేసుకున్నవారికి దాయాదులు ఆఫ్రికా తీరంలో కూడా ఉన్నారు.

అనకాపల్లి ప్రాంతం వైపు నుంచి చూస్తే ఈ ఖాళీ మరింత కనిపిస్తుంది. ఆధునిక సాహిత్యానికి మూలపురుషుడైన గురజాడ అప్పారావు 1862లో జన్మించిన సర్వసిద్ధి రాయవరం ఈ జిల్లాలోనిదే. ‘కన్యాశుల్కం’ అచ్చయిన 1897 నాటికి ఈ తీరం నుంచి కూలీల ఓడలు సాగి మూడు దశాబ్దాలు దాటింది. ఆధునిక తెలుగు వచనం రూపుదిద్దుకున్న కాలం, ఈ ప్రాంతపు మనుషులు ఓడల జాబితాలో వరుసలుగా మారిన కాలం ఒక్కటే. ఈ రెండు చరిత్రలను మన పాఠ్యగ్రంథాలు ఎన్నడూ ఒకే పుటపై ఉంచలేదు.

6. భాష – ఆరాధన:

1903లోనే గాంధీ నేటాల్‌లో ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికను ప్రారంభించాడు. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం అందులోని భాషలు. తెలుగు లేదు. వేలాది తెలుగువారున్న దేశంలో ప్రవాస భారతీయుల ప్రధాన పత్రికలో తెలుగు అక్షరానికి చోటు దొరకని ఏడాదిలోనే, ఒక తేయాకు తోటలో తెలుగు ఆరాధన మొదలైంది. బైబిలు చదవడానికి, కీర్తన పాడడానికి అక్షరం కావాలి. కాబట్టి ఆ చిన్న సంఘాలు మతసంస్థలు మాత్రమే కావు. కూలీ తన భాషను చదివే, వినే, పదిమందిలో పలికే చోట్లు అవి.

మరొక విశేషం కూడా గమనార్హం. ఆంధ్రదేశంలో మిషన్లు నేలను పంచుకున్నాయి. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులకు, గుంటూరు లూథరన్లకు, కాకినాడ నుంచి ఉత్తరతీరం కెనడియన్ బాప్టిస్టులకు. ఆ హద్దులు ఊరూవాడా ఎరిగినవే. నేటాల్ తోటలో నెల్లూరు మనిషీ విశాఖ జిల్లా మనిషీ ఒకే వరుస గదుల్లో పక్కపక్కన నివసించారు. అక్కడ మిషన్ల హద్దు చెల్లలేదు, భాష చెల్లింది. పేరులో ‘తెలుగు’ను ధరించిన సంఘం ఏర్పడడానికి ఈ నేపథ్యమే కారణం.

ఆ భాష నిలవలేదన్నది కూడా దాచకూడని సత్యం. తరాలు మారినకొద్దీ నేటాల్ భారతీయుల ఇంటిభాష, ఆరాధనభాష ఇంగ్లీషుగా మారాయి. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడి తెలుగును కాపాడే ప్రయత్నం చేసింది. ఆ మహాసభ చరిత్రను ప్రవాసాంధ్రుల చరిత్రగా గౌరవంగా చెప్పుకుంటాం. దానికి దాదాపు మూడు దశాబ్దాల ముందే తెలుగు పేరుతో ఏర్పడిన సంఘాలను మాత్రం మతచరిత్ర విభాగానికి వదిలేశాం. భాషాభిమానం మతాన్ని బట్టి మారితే అది భాషాభిమానం అనిపించుకోదు.

7. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా ఈ కింది విషయాలను ప్రతిపాదించవచ్చు.

1. రంగయ్య సేవను పాశ్చాత్య మిషన్‌కు కొనసాగింపుగా గాక, వలస వెళ్ళిన తమవారి వెంట పేద తెలుగు సంఘాలు చేసిన స్వతంత్ర ప్రయత్నంగా చదవాలి.

2. ఓడల జాబితాలను, మిషన్ చరిత్రలను గణాంకాల కోసమే కాక, వాటి కథనపద్ధతి కోసం కూడా సాహిత్యవిమర్శ పరిశీలించాలి. ఎవరు కర్తగా ఉన్నారు, ఎవరు గడిలో మాటగా మిగిలారు అన్నది అక్కడే తేలుతుంది.

3. నేటాల్ సంఘాల్లోని చీలికను మచ్చగా దాచడం కంటే, సహాయం అందుకున్నవారు తమ సంఘంపై తాము హక్కు కోరుకున్న సందర్భంగా చూడడం చరిత్రకు న్యాయం చేస్తుంది. చిన్న సంఘాలను పోషించే ప్రతి ప్రయత్నానికీ ఈనాటికీ ఇదే పరీక్ష. పోషణ ఎప్పుడు ఆధిపత్యంగా మారుతుందో పోషించేవానికంటే పోషణ పొందేవానికి ముందుగా తెలుస్తుంది.

4. ‘అంటరాని వసంతం’ తెరచిన దారి కాలువ దగ్గర ఆగింది. అక్కడి నుంచి సముద్రం వైపు సాగే రచన, పరిశోధన తెలుగులో ఇంకా రావలసి ఉంది. ఉత్తరాంధ్ర విశ్వవిద్యాలయాలు, కళాశాలలు తమ ప్రాంత గ్రామాల పేర్లను ఓడల జాబితాలతో పోల్చి చూసే పనిని చేపడితే దానికి పునాది పడుతుంది.

ఊరి పేరు, తండ్రి పేరు, ఒంటి మీది మచ్చ నమోదు చేసిన కాగితం నూరేళ్ళకు పైగా భద్రంగా ఉంది. ఆ మనిషి ఏ మాట పలికాడో, ఏ పాట పాడాడో నమోదు చేయవలసిన బాధ్యత సాహిత్యానిది.